నలభై ఏడో రాయి

"మొదట ఏం పెట్టినావు?"

"రెండు పంచలు, ఒక తువ్వాల. మడిచి అడుగున పెట్టినా."

"పెట్టు."

లోకేశ్వరి పంచలు మడిచి సంచి అడుగున పరిచింది. గడపలో కూర్చున్న కోమలి చేతి గడియారం చూసి నోటుబుక్కులో రాసుకుంది. పది గంటల నాలుగు నిమిషాలు.

"తర్వాత?"

"చొక్కా. బీపీ మాత్రలు. అద్దాల పెట్టె."

ఒక్కొక్కటీ పెట్టింది. ఇవేవీ ఆ రోజువి కావు. ఆ రోజువి ఆ రోజే పోయాయి. ఈ సంచి కూడా పక్కింటి శకుంతలమ్మను అడిగి తెచ్చింది. రెండిళ్ల వాళ్లూ ఒకే తిరునాళ్లలో, ఒకే అంగడిలో కొన్న ఖాకీ సంచులు. ఒకటి ఇక్కడుంది. రెండోది పంతొమ్మిది రోజుల కిందట లోకేశ్వరి భర్త మునిరామయ్య చేతిలో వెళ్లింది.

"ఆఖర్న క్యారియరు. రెండు గిన్నెలది. కింద దాంట్లో అంబలి, పైన దాంట్లో ఉల్లిపాయ, ఊరిమిరపకాయలు. ఆయనకు కడుపులో పుండు గదా, బయట ఏదీ తినడు."

"అంబలి పోసి పెట్టు."

"ఇప్పుడా అక్కా? వట్టిది పెడితే చాలదా?"

"చాలదు. ఆ రోజు ఎంత పోసినావో అంతే పొయ్యి."

లోకేశ్వరి లోపలికి వెళ్లి రాగి అంబలి తెచ్చి గిన్నె నిండా పోసింది. మూత పెట్టి సంచిలో నిలబెట్టింది.

"ఇంకేమన్నా?"

"అంతే." అని మళ్లీ ఆగింది. "పోయే ముందర ఖాళీ కాఫీపొడి సీసా అడిగినాడు. మూత గట్టిగా పట్టేది కావాలన్నాడు. దాన్ని సంచిలో పెట్టనీలా. చేతిలోనే పట్టుకున్నాడు. చిన్న గడ్డపార గూడా తీసుకున్నాడు."

కోమలి పెన్ను ఆగింది. "ఈ మాట ఇన్ని దినాలు చెప్పలేదే?"

"వట్టి సీసాలో ఏముంటాదిలే అనుకున్నా. స్టేషన్లో గూడా ఎవరూ అడగలా."

"సరే. ఇప్పుడు సంచి తీసుకొని వీధి దాకా నడువు."

లోకేశ్వరి కుడి చేత్తో సంచి పిడి పట్టుకుంది. ఎడమ అరచేయి సంచి అడుగున ఆనించింది. అలాగే, ఒళ్లు వంచకుండా, వాకిలి దాటి వీధి మెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

"ఎడమ చెయ్యి కింద ఎందుకు పెట్టినావు?"

"ఆ గిన్నె మూత వదులక్కా. వాలితే అంబలంతా కారిపోతాది. ఆయన గూడా ఇట్లనే పట్టుకుంటాడు. ఒకసారి పంచలన్నీ తడిసి, బస్సులో నవ్వినారని అప్పట్నుంచీ ఇట్లనే."

కోమలి ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

"గడప దాటేటప్పుడు ఏమన్నాడు?"

లోకేశ్వరి సంచి కింద పెట్టింది. "నేను చూడలా. పొయ్యి మీద పాలు పొంగినాయి. లోపలికి పరిగెత్తినా. వచ్చేసరికి తలుపు తీసి ఉండాది. టైము ఐదున్నర. శనివారానికి వచ్చేస్తాడు గదా, సాగనంపేదేముందిలే అనుకున్నా."

కోమలి ఐదున్నర అని రాసుకుంది. ఆమె నోటుబుక్కులో తప్పిపోయిన ప్రతి మనిషికీ ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీలో మూడు గళ్లు. బయలుదేరింది, తిరిగి రావలసింది, వచ్చింది. మునిరామయ్య పేజీలో మొదటి రెండూ నిండాయి. మూడో గడి ఖాళీ. అలా ఖాళీగా మిగిలిన పేజీలు ఆమె దగ్గర ఇంకా నాలుగున్నాయి. వాటిలో ఒకటి ఆమె సొంత తమ్ముడిది.

పద్దెనిమిదేళ్లు కానిస్టేబుల్‌గా పనిచేసి రాజీనామా ఇచ్చి, తిరుపతిలో బస్టాండు వెనక ఒక గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి కోమలి. ఎక్కువగా వచ్చేది పెళ్లికొడుకుల గురించి వాకబు చేసే పని. ఇలాంటి కేసులు తక్కువ. ఇలాంటి గడువున్న కేసు ఇదే మొదటిది.

గడువు ఈ మధ్యాహ్నమే. చిత్తూరు రోడ్డు పక్కన గొల్లమిట్ట వీధిలో ఉన్నవి పదకొండు ఇళ్లు. వీధికి ఎదురుగా ఉన్న బీడంతా కల్హార అనే కంపెనీ కొని, ప్రహరీ కట్టి, అపార్ట్‌మెంట్లు లేపుతోంది. ఈ పదకొండు ఇళ్లు కూడా తమ హద్దులోనే ఉన్నాయని కంపెనీ దరఖాస్తు పెట్టింది. వాళ్ల ఆధారం ఇళ్ల వెనక నిలబడి ఉన్న నలభై ఏడో నంబరు సర్వే రాయి. మూడు గంటలకు సర్వేయరు వస్తుంది. రాయి సరైన చోటే ఉందని రాస్తే నాలుగు గంటలకు కూల్చే మిషన్ వస్తుంది.

ఆ రాయిని ఎవరో కదిలించారని చెప్పింది ఒక్కడే. ముప్పై ఒక్క ఏళ్లు సర్వే శాఖలో చైన్‌మన్‌గా గొలుసు లాగిన మునిరామయ్య. గురువారం తెల్లవారి చిత్తూరు పోయి నిరూపిస్తానని వీధిలో అందరి ముందూ అన్నాడు. జిల్లా చీలి తిరుపతి విడిపోయినా పాత పటాలు చిత్తూరు ఆఫీసులోనే ఉండిపోయాయి. ఆ పటం నకలు తీసుకుని, రెండు రాత్రులు ఐరాలలో చెల్లెలింట్లో ఉండి, శనివారం వస్తానని బయలుదేరాడు. ఐరాలకు చేరలేదు. చిత్తూరు ఆఫీసులో ఆయన దరఖాస్తు లేదు. కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని పారిపోయాడని వీధిలోనే ఇద్దరు ముగ్గురు అనడం మొదలుపెట్టారు.

"గడ్డపార ఇంకోటి ఉండాదా?" అని కోమలి లేచింది.

*

నలభై ఏడో రాయి ఇళ్ల వెనక, శకుంతలమ్మ పెరటి గోడకు పది అడుగుల దూరంలో ఉంది. నాచు పట్టిన పాత గుండ్రాయి. నెత్తిన ఉలితో చెక్కిన గుర్తు.

"ఇది మొదట్నుంచీ ఈడనే ఉండాదా?" అని కోమలి అడిగింది.

"ఎవరికి ఎరికమ్మా," అంది శకుంతలమ్మ. "ఇండ్ల ముందరా ఎనకా అంతా ముండ్లకంప. మేకలు గూడా దూరేవి కావు. కంపెనీ వాళ్లు మిషన్ పెట్టి కంప కొట్టినంక చూస్తే ఈడ ఉండాది. ఆ మునిరామయ్య ఒక్కడే ఇది దీని తావు కాదని మొత్తుకున్నాడు."

కోమలి చీర చెంగు దోపుకుని రాయి పక్కనే తవ్వింది. మూరెడు లోతు దాకా ఎర్రమట్టి పొడిపొడిగా వచ్చింది. రాయి అడుగు కనిపించింది. ఆమె చేయి పెట్టి కింద తడిమింది. వేళ్లకు ఏదో జారుడుగా తగిలితే లాగింది. పాన్‌మసాలా కవరు. అక్షరాలు కూడా చెరగలేదు.

"తాతల కాలం నాటి రాయి కింద పాన్‌మసాలా," అని దాన్ని రాయి మీద పరిచి ఫోను తీసి ఫోటో కొట్టింది. మళ్లీ చేయి పెట్టి నాలుగు వైపులా తడిమింది. మట్టి తప్ప ఏమీ లేదు.

"దేనికోసం వెతకతా ఉండావక్కా?"

"బొగ్గుల కోసం." కోమలి చేతులు దులుపుకుంది. "మా నాయన కార్వేటినగరంలో తలారి. ఊళ్లో సర్వే రాయి నాటే దినం మా ఇంటి పొయ్యిలో బొగ్గులన్నీ గంపకెత్తుకొని పొయ్యేవాడు. గుంటలో ముందర బొగ్గులు, పగిలిన కుండ పెంకులు పోసి, దాని మీద రాయి నిలబెడతారు. రాయిని ఎవడైనా రాత్రికి రాత్రి జరపొచ్చు. బొగ్గులు భూమిలో కుళ్లవు, చీమలు తినవు. నూరేండ్లైనా ఆ తావులోనే ఉంటాయి. రాయి కింద బొగ్గులు లేకపోతే అది దాని తావు కాదు."

లోకేశ్వరి నోటి మీద చేయి పెట్టుకుంది. "సీసా..."

"అవును. మీ ఆయన అసలు తావు కనుక్కున్నాడు. బస్సుకు పొయ్యే ముందర ఆడ తవ్వి, సీసా నిండా బొగ్గులు నింపుకొని, చిత్తూరులో ఆఫీసరు బల్ల మీద పెట్టాలనుకున్నాడు."

"పెండ్లికొడుకులు అయిపోయి ఇప్పుడు రాళ్లకు సంబంధాలు చూస్తా ఉండావా కోమలీ?"

గొంతు వినగానే కోమలికి ఎవరో తెలిసింది. తిరగకుండానే గడియారం చూసుకుంది. పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో గిరిప్రసాద్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఇప్పుడు కల్హార కంపెనీకి సెక్యూరిటీ మేనేజరు. ఎనిమిదేళ్ల కిందట ఇన్‌స్పెక్టరు. అప్పుడు ఆయన కింద కోమలి కానిస్టేబులు. ఒకరోజు స్టేషన్ డైరీలో ఆమె రాసిన సాయంత్రం నాలుగును ఈయన రాత్రి ఎనిమిదిగా దిద్దాడు. కింద సంతకం పెట్టమంటే ఆమె పెట్టలేదు. రాజీనామా మీద పెట్టింది.

"రాయి కింద ఇది దొరికింది సార్," అని కవరు చూపించింది.

"ఎలుక లాక్కొచ్చి ఉంటాది."

"మీ వెంచర్లో ఎలుకలు పాన్‌మసాలా గూడా నములుతాయా సార్?"

వెనక ఆడవాళ్లు నవ్వారు. గిరిప్రసాద్ కూడా నవ్వాడు. నవ్వుతూనే జేబులో నుంచి ఫోను తీసి లోకేశ్వరి ముందు పట్టాడు. "చూడమ్మా. రోడ్డు మీద బస్సు ఆగేకాడ, మా కంపెనీ ఆర్చికి పెట్టిన కెమెరాలో పడింది. జూన్ ఐదు, పొద్దన్న ఆరూ నాలుగు. నీ మొగుడు నిక్షేపంగా చిత్తూరు బస్సెక్కి పోయినాడు. యాడికి పోయినాడో, ఎవరితో పోయినాడో, అది మీ ఇంటి సంగతి. మమ్మల్ని అడిగితే మేమేం చెప్తాము?"

వీడియోలో మసక వెలుతురు. నెత్తిన తువ్వాల కప్పుకున్న తెల్లచొక్కా మనిషి. ఖాకీ సంచిని భుజం మీదుగా వీపు వెనక్కి విసురుకుని, కదిలిపోతున్న బస్సు వెంట నాలుగు అంగలు పరిగెత్తి ఎక్కాడు. ముఖం కనపడలేదు.

"ఇంకోసారి చూపించు సార్," అంది లోకేశ్వరి.

రెండోసారి చూసింది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"సంచి మాదే. తువ్వాల మాదే. మనిషి మా ఆయన కాదు."

"ముఖమే కనపడలా, ఎట్ల చెప్తావు?"

"సంచిని వీపున వేసుకొని పరిగెత్తినాడే, అంబలి ఏమైంది? నిండా పోసినా. వదులు మూత. అట్ల వేసుకుంటే కారి ఆ తెల్లచొక్కా అంతా తడిసిపోవాల. ఒక్క చుక్క మరక లేదు. క్యారియరు తీసి యాడో పారేసినాక వేసుకున్నాడు ఆ సంచి."

గిరిప్రసాద్ ఫోను వైపు చూసి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "ఓహో. కోర్టుకొచ్చి అంబలి సాక్ష్యం చెప్తాదన్నమాట."

"అంబలి చెప్పింది చాలక పోతే గడియారం చెప్తాది సార్," అంది కోమలి. "ఈ ఇంటి నుంచి ఆర్చి దాకా నేను మూడుసార్లు నడిచినా. ఏడు నిమిషాలు. ఐదున్నరకు బయలుదేరిన సంచి ఐదూ ముప్పై ఏడుకు ఆడ ఉండాల. ఆరూ నాలుగుకు తేలింది. ఇరవై ఏడు నిమిషాలు ఎక్కువ. ఈ వీధి తప్ప ఆ దారిలో ఇండ్లు లేవు, అంగళ్లు లేవు. ఉండేది మీ గేటు, మీ సెక్యూరిటీ రూము."

"నీకు అప్పుడూ ఇదే రోగం. టైములు, టైములు." ఆయన గొంతు తగ్గింది. "మూడింటికి సర్వే. నాలుగింటికి మిషన్. ఆ లోపల సామాన్లు సర్దుకోండి. సంచులు ఎట్లనూ తీసినట్టుండారు గదా."

లోకేశ్వరి ఇంట్లోకి వెళ్లింది. సర్దిన ఖాకీ సంచి పట్టుకొచ్చి ఆయన కాళ్ల ముందు బోర్లించింది. పంచలు, చొక్కా, మాత్రలు నేల మీద పడ్డాయి. క్యారియరు మాత్రం ముందే తీసి అరుగు మీద పెట్టింది.

"నేను సర్దను. నువ్వే సర్దుకో."

*

గేటు కాపలా వెంకటమునిని కోమలి పన్నెండున్నరకు పట్టుకుంది. గేటు పక్కన రేకుల షెడ్డులో సంగటి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి.

"మీది కార్వేటినగరం అంట గదన్నా?"

"అవునమ్మా. నీకెట్ల తెలుసు?"

"మాదీ ఆడనే. తలారి చెంగయ్య కూతుర్ని."

"చెంగయ్య కూతురివా!" గిన్నె పక్కకు జరిపాడు. "కూచోమ్మా. తిన్నావా?"

"తిన్నాలే. నాలుగో తేదీ రాత్రి డ్యూటీ నీదే గదా. తెల్లారి మునిరామయ్య ఈ దారిన పొయ్యింది చూసినావా?"

"చూళ్లేదమ్మా. చూసింటే చెప్పనా? నేను ఈడ ఉండ్లా. ఐదింటికే గిరిప్రసాద్ సారూ, సారు డ్రైవరూ కారులో వచ్చినారు. ఇంటికి పోయి నిద్రపో, ఎనిమిదికి రా అన్నాడు. నాకు ఉద్యోగం ఇచ్చినంక ఆ సారు అంత మంచి మాట చెప్పింది అదొక్క దినమే."

"ఎనిమిదికి వచ్చినప్పుడు ఏమన్నా తేడా కనపడిందా?"

"ఏం లేదు." ఆ జవాబు చాలా తొందరగా వచ్చింది.

కోమలి షెడ్డులో చుట్టూ చూసింది. మేకుకు తగిలించిన కాగితాల క్యాలెండరు. జూన్ నెల గళ్లలో పెన్సిలుతో గీతలు. ఐదో తేదీ నుంచి పదకొండో తేదీ దాకా గడికి రెండేసి. ఐదో తేదీకి మాత్రం ఒకటే.

"ఈ గీతలేందన్నా?"

"అదా... కాంక్రీటుకు నీళ్లు కొట్టిన లెక్కమ్మా. వారం దినాలు పొద్దన్న ఒకసారి, మాపటికి ఒకసారి. మరిస్తే సారు తిడతాడని గీసుకుంటి."

"ఏ కాంక్రీటుకు?"

వెంకటముని గిన్నెలోకి చూశాడు. "సారు రూములో నేలకు."

"ఐదో తేదీ మాపటికి మొదలుపెట్టినావు. అంటే ఆ దినం పొద్దన్నే పోసింటారు. మేస్త్రీ ఎన్ని గంటలకు వస్తాడు?"

"తొమ్మిదికి గానీ రాడు."

"మరి ఎనిమిదికి నువ్వు వచ్చేసరికి నేల ఎట్లుండాది?"

గిన్నె మీద ఈగ వాలితే తోలాడు. "పోసేసి, గోనెపట్టలు కప్పేసి ఉండాదమ్మా. ముందురోజు దాకా వట్టి మట్టినేల. ఎవరు పోసినారు సార్ అని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. చూసుకుంటా ఉండా." ఆయన క్యాలెండరు గీతల మీద వేలు పెట్టాడు. "పద్నాలుగు సార్లు లెక్క. పదమూడు సార్లు నీళ్లు కొట్టినా. దేని మీద కొడతా ఉండానో నాకు తెల్దమ్మా. నిజంగా తెల్దు."

కోమలి క్యాలెండరుకు ఫోటో తీసుకుంది. నోటుబుక్కులో డ్రైవరు అని రాసి, పక్కన ఆరూ నాలుగు అని వేసింది. బయటికొచ్చి ఒక ఫోను చేసింది. డీఎస్పీ ఆఫీసులో తనతో పనిచేసిన మనిషికి. నాలుగింటికి గొల్లమిట్టలో ఉండమని మాత్రం చెప్పింది.

*

సర్వేయరు మూడు గంటల ఐదు నిమిషాలకు వచ్చింది. పేరు వేదిక. సచివాలయం ఉద్యోగంలో చేరి రెండేళ్లు. రోవర్ అనే కొలత మిషన్ కర్రను నలభై ఏడో రాయి నెత్తిన నిలబెట్టి తెరలోకి చూసింది. వీధి వాళ్లందరూ చుట్టూ మూగారు.

"రాయి సరిగ్గానే ఉంది," అంది.

"చెప్పినా గదా," అన్నాడు గిరిప్రసాద్.

"ఏ లెక్క ప్రకారం సరిగ్గా ఉందమ్మా?" అని కోమలి అడిగింది.

"రీసర్వేలో నమోదైన పాయింట్ ప్రకారం మేడమ్."

"రీసర్వే ఎప్పుడు జరిగింది? కంప కొట్టక ముందరా, కొట్టినాకనా?"

వేదిక ట్యాబులో వెతికింది. "కొట్టిన తర్వాత. అప్పుడు రాయి ఎక్కడుంటే అక్కడే పాయింట్ తీసుకున్నారు. పాత పటం స్కానింగులో ఈ భాగం చిరిగిపోయి ఉంది. అసలు పటం చిత్తూరులో ఉంది."

"అంటే రాయి ఈడ ఉండాది కాబట్టి రాయి ఈడనే ఉండాల. బాగుండాది లెక్క." కోమలి లోకేశ్వరికి సైగ చేసింది.

లోకేశ్వరి ఇంట్లో మంచం కింద నుంచి గోనెసంచి ఈడ్చుకొచ్చి విప్పింది. ఇనుప గొలుసు. రెండు కొసలా ఇత్తడి పిడులు. ఆఫీసు వాళ్లు పాత సామాను కింద పారేస్తే మునిరామయ్య ఇంటికి తెచ్చుకుని ఏటా నూనె పట్టించిన కొలత గొలుసు. దాంతోపాటు ఆయన చేత్తో రాసుకున్న పాత పుస్తకం.

"ఇప్పుడు గొలుసుతో ఎవరూ కొలవరు మేడమ్," అంది వేదిక మెల్లగా.

"ఈ రాయి నాటిన దినం రోవర్ ఉండ్లేదు గదమ్మా. దేంతో కొలిచి నాటినారో దాంతోనే కొలువు."

పుస్తకంలో స్పష్టంగా ఉంది. బావి గట్టు మీది నలభై ఆరో రాయి నుంచి, రోడ్డవతల నలభై ఎనిమిదో రాయి వైపు చూస్తూ, మూడు గొలుసులు, ఇరవై లింకులు. గొలుసుకు నూరు లింకులు. ఆ రెండు రాళ్లనూ ఎవరూ కదిలించలేదు. వేదిక రెండింటినీ చూసి వచ్చింది.

"ఈ పుస్తకం సాక్ష్యం కాదు," అంది. "కానీ కొలత పడిన చోట భూమిలో గుర్తు దొరికితే పంచనామాలో రాస్తాను."

బావి దగ్గర ఒక పిడి శకుంతలమ్మ పట్టుకుంది. రెండో పిడి లోకేశ్వరి పట్టుకుని నడిచింది. గొలుసు నేల మీద గలగలమంటూ పాకింది. రెండో గొలుసు పూర్తికాగా ఇంకో అరవై లింకుల దగ్గర ఇప్పుడున్న రాయి దాటింది. మూడో గొలుసు రెండిళ్ల మధ్య సందు గుండా వెళ్లి వీధిలో ముగిసింది. పదకొండు ఇళ్లూ వెనక ఉండిపోయాయి. మిగిలినవి ఇరవై లింకులు. లోకేశ్వరి వీధి దాటింది. కంపెనీ గేటు దాటింది. సెక్యూరిటీ రూము మెట్టు ఎక్కింది. పిడి గిరిప్రసాద్ కూర్చునే కుర్చీ కాలికి తగిలి ఆగింది.

మూడు గంటల ముప్పై నాలుగు నిమిషాలు.

"ఇక్కడ తవ్వాలి," అంది వేదిక.

గిరిప్రసాద్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇది కంపెనీ రూము. పగలగొట్టడానికి ఆర్డరుందా?"

"దరఖాస్తు మీదే సార్. రాయి స్థానం తేల్చమని మీ కంపెనీయే రాసింది. తవ్వనివ్వకపోతే అడ్డుకున్నారని రాస్తాను." ఆమె పెన్ను మూత తీసింది.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ముఖమంతా మెత్తబడింది. చేతులు జోడించి వీధి వాళ్ల వైపు తిరిగాడు.

"సరేనప్పా. పేదోళ్లతో మాకెందుకు తగువు? కంపెనీతో నేను మాట్లాడతా. దరఖాస్తు వెనక్కి తీసుకుంటా ఉండాము. పదకొండు ఇండ్లూ మీవే, ఇప్పుడే రాసి సంతకం పెడ్తా. మిషన్ రాదు. ఇంక తవ్వేదేమీ లేదు, ఇండ్లకు పోండి."

వీధి మొత్తం ఒక్కసారి గొంతెత్తింది. ఎవరో ఈల వేశారు. శకుంతలమ్మ పరిగెత్తుకొచ్చి లోకేశ్వరి రెండు చేతులూ పట్టుకుంది. "విన్నావా? ఇండ్లు నిలబడినాయి! ఒప్పుకో తల్లీ, బిరీన సంతకం పెట్టించుకో, మళ్లీ మనసు మార్చుకుంటాడేమో."

లోకేశ్వరి పిడి వదలలేదు. కింద ఉన్న నున్నటి సిమెంటు నేల చూసింది. కోమలి వైపు చూసింది. కోమలి ఒక అడుగు వెనక్కి వేసింది. చెప్పడం తన పని కాదనిపించింది.

"శకుంతలక్కా," అంది లోకేశ్వరి. "మూడు నెలలు మనల్ని కాల్చుకు తిన్నారు. మిషన్ తెచ్చినారు, కరెంటు తీసేసినారు. జానెడు నేల గూడా వదిలేది లేదన్నారు. ఇప్పుడు అంత భూమిని నవ్వుకుంటా వదిలేస్తా ఉండాడు. ఈ కుర్చీ కింద నాలుగు అడుగుల గచ్చు మాత్రం వదలనంటా ఉండాడు. ఎందుకక్కా?"

ఈల ఆగింది. వెనక ఎవరో బిడ్డను గమ్మునుండమన్నారు.

శకుంతలమ్మ చేతులు వదిలేసింది. మెట్టు దిగి వెళ్లింది. గిరిప్రసాద్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె తన ఇంటి నుంచి పెద్ద గడ్డపార భుజాన పెట్టుకుని తిరిగొచ్చి లోకేశ్వరి చేతిలో పెట్టింది.

"కొట్టు," అంది. "ఇండ్లు పోతే పోనీ."

గిరిప్రసాద్ మెట్టు దిగి కారు వైపు నడిచాడు. పరిగెత్తలేదు. గేటు దాకా వెళ్లి ఆగాడు. గేటుకు ఇప్పుడు తాళం వేసి ఉంది. అవతల వైపు వెంకటముని నిలబడి ఉన్నాడు.

"తియ్రా."

"తాళం చెవి యాడో పడిపోయింది సార్. వెతకతా ఉండా." ఆయన నడుముకు కట్టుకున్న తాడులో తాళం చెవి అందరికీ కనపడుతూనే ఉంది. "నీ పని నువ్వు చూసుకో అన్నావు గదా. చూసుకుంటా ఉండా."

రూములో మొదటి దెబ్బ లోకేశ్వరిది. గచ్చు మీద గీత పడింది. నాలుగో దెబ్బకు పెచ్చు లేచింది. తర్వాత శకుంతలమ్మ అందుకుంది, ఆమె తర్వాత ఇంకొకరు. కింద మట్టి గట్టిగా లేదు. ఎవరో ఈమధ్యే తవ్వి పూడ్చినట్టు వదులుగా ఉంది. వేదిక మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తీసింది. గుంట అంచున నల్లగా కనిపించింది. బొగ్గులు. వాటి మధ్య మట్టికుండ పెంకులు.

"నలభై ఏడో రాయి అసలు స్థానం ఇది," అని ఆమె పైకే చదువుతూ రాసుకుంది. "సమయం మూడు యాభై రెండు."

లోకేశ్వరి అప్పటికే చేతులు మట్టిలోకి పోనిచ్చింది. ముందుగా వచ్చింది కాఫీపొడి సీసా. మూత గట్టిగా బిగించి ఉంది. లోపల నిండా బొగ్గులు. ఆమె దాన్ని చీరతో తుడిచి పక్కన నిలబెట్టింది. మళ్లీ చేయి పెట్టింది. ఈసారి వచ్చింది రెండు గిన్నెల క్యారియరు. వంకరపోయింది. మూత లేదు.

"చాలు," అని కోమలి ఆమె భుజం పట్టుకుంది. "ఇంక ఎవరూ మట్టి ముట్టుకోవద్దు. గడ్డపార తీసెయ్యండి."

"అక్కా, ఇంకా కింద..."

"చాలు లోకేశ్వరీ."

వీధి మలుపులో పోలీసు జీపు శబ్దం వినిపించింది. కోమలి గోడకు ఆనుకుని నోటుబుక్కు తీసింది. మునిరామయ్య పేజీ తెరిచింది. మూడో గడిలో ఇన్ని రోజులూ తేదీ రాయడానికి వదిలిన చోటు ఉంది. అక్కడ ఒక గీత కొట్టి, కింద రాసింది.

మునిరామయ్య, జూన్ ఐదో తేదీ, గురువారం, ఉదయం ఐదున్నరకు ఇల్లు విడిచాడు. తిరిగి రాలేదు.